ఇంటి రికార్డింగుకు ఏ డిజిటల్ కనెక్షన్? యూఎస్‌బీ, ఎస్‌పీడిఫ్, ఏఈఎస్, ఎడాట్‌ల పోలిక

అన్నమయ్య కీర్తనలు పాడి యూట్యూబులో పెట్టేవారు, శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో చదువుతూ సాధనను రికార్డు చేసుకునే విద్యార్థులు, కోలాటం భజన బృందాలు, చిత్తూరు పల్లెల్లో భారతం జరిగే రోజుల్లో తీరిక దొరకని హరికథకులు: మన ప్రాంతంలో ఇంటి గదిలోనే రికార్డింగు చేసుకునేవారు దాదాపు అందరూ మొదట ఒకే రకమైన ఏర్పాటుతో ఆరంభిస్తారు. రెండు మైకులకు చోటున్న చిన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేసు (మైకు శబ్దాన్ని డిజిటల్‌గా మార్చి కంప్యూటరుకు అందించే పెట్టె), దానికి ఒక ల్యాప్‌టాప్. గాత్రానికి ఒక మైకు, వయొలిన్‌కు మరొకటి. ఆ రెండూ చాలినంత కాలం డిజిటల్ కనెక్షన్ల గురించి ఆలోచించవలసిన పని లేదు. మృదంగం చేరిన రోజున చిక్కు మొదలవుతుంది; దానికి కుడి వైపు ఒక మైకు, ఎడమ వైపు ఒక మైకు కావాలి. ఘటమో కంజీరో వచ్చిందంటే అయిదు, తంబుర పెట్టెను విడిగా తీసుకోవాలంటే ఆరు.

అప్పుడు పెద్ద ఇంటర్‌ఫేసు కొనాలా, ఉన్నదానికే మరొక పెట్టెను జతచేయాలా అన్న ప్రశ్న వస్తుంది. వివరాలు చదవబోతే ఎస్‌పీడిఫ్, ఎడాట్, ఏఈఎస్, మాడి, థండర్‌బోల్ట్, డాంటే అంటూ పేర్లు వరుస కడతాయి. ధర ఎక్కువైన కనెక్షన్‌లో ధ్వని మెరుగ్గా ఉంటుందని చాలామంది అనుకుంటారు గాని, అది నిజం కాదు. ఇవన్నీ 24 బిట్ల ఆడియోను ఒక్క బిట్టు కూడా మార్చకుండా ఒక చోటి నుంచి మరొక చోటికి చేర్చగలవు. ధ్వని బాగోగులు మైకు దగ్గర, మైకు నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పెంచే ప్రీఆంప్ దగ్గర, అన్నిటికన్నా ఎక్కువగా గది గోడల దగ్గర తేలిపోతాయి. కనెక్షన్‌ను ఎంచుకునేటప్పుడు చూడవలసినవి వేరు: ఒకేసారి ఎన్ని ట్రాకులు కావాలి, పెట్టెల మధ్య దూరమెంత, శబ్దాన్ని కొలిచే వేగాన్ని నడిపే క్లాక్ ఎవరి చేతిలో ఉంటుంది, మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది. ఈ నాలుగింటిలో మొదటి రెండింటిని అందరూ అడుగుతారు. మిగిలిన రెండింటిని కొన్న తరువాత తెలుసుకుంటారు.

రెండు చోట్ల రెండు రకాల లంకెలు

ఇంటి స్టూడియోలో డిజిటల్ లంకె రెండు చోట్ల ఉంటుంది. ఒకటి ఇంటర్‌ఫేసుకూ కంప్యూటరుకూ మధ్య. ఇక్కడ పోటీపడేవి యూఎస్‌బీ, థండర్‌బోల్ట్, పాతకాలపు ఫైర్‌వైర్, నెట్‌వర్కు కేబుల్ మీద నడిచే డాంటే. రెండవది ఒక ఆడియో పెట్టెకూ మరొక ఆడియో పెట్టెకూ మధ్య. ఇక్కడ పోటీ ఎస్‌పీడిఫ్, ఏఈఎస్, ఎడాట్, మాడిలది. యూఎస్‌బీ మంచిదా, ఎడాట్ మంచిదా అని అడిగితే జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఇదే. చాలా ఇళ్లలో ఆ రెండూ ఒకే ఇంటర్‌ఫేసుకు వెనుకవైపు పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని పని మరొకటి చేయదు.

మరొక జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ప్లగ్ ఆకారాన్ని చూసి ప్రమాణాన్ని ఊహించకూడదు. ఎర్ర కాంతి వచ్చే చదరపు ఆప్టికల్ రంధ్రంలో ఎస్‌పీడిఫ్ రావచ్చు, ఎడాట్ రావచ్చు. రెండింటికీ కేబుల్ ఒకటే, భాష మాత్రం వేరు. టీవీకి పెట్టుకునే ఆర్‌సీఏ ప్లగ్గులో మామూలు ఆడియో ఉండవచ్చు, డిజిటల్ ఎస్‌పీడిఫ్ ఉండవచ్చు. మైకుకు వాడే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గులోనే ఏఈఎస్ కూడా నడుస్తుంది. యూఎస్‌బీ-సీ రంధ్రమున్న ప్రతి ల్యాప్‌టాపులోనూ థండర్‌బోల్ట్ ఉండదు. ప్లగ్ చక్కగా కూర్చున్నా శబ్దం రాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే; పరికరం పాడైందని తిరిగి పంపేముందు సెట్టింగులలో ఆ రంధ్రం ఏ ప్రమాణానికి పెట్టి ఉందో చూడాలి.

కంప్యూటర్ వైపు: యూఎస్‌బీ చాలు

ఈ భాగంలో ఎక్కువ చర్చ అక్కరలేదు. 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు (సెకనుకు 48,000 కొలతలు, అంటే శాంపిళ్లు), ఒక్కో కొలతకు 24 బిట్ల దగ్గర ఒక ట్రాకుకు సెకనుకు 1.152 మెగాబిట్లు పడతాయి. ఎనిమిది ట్రాకులకు 9.2 మెగాబిట్లు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకు 480 మెగాబిట్లు. ఆచరణలో అంత మొత్తం దొరకకపోయినా, పద్దెనిమిది ట్రాకులు లోపలికీ ఇరవై ట్రాకులు బయటికీ పోయే పెద్ద ఇంటర్‌ఫేసుకు కూడా 44 మెగాబిట్లకు మించి అవసరం లేదు. కాబట్టి యూఎస్‌బీ 3 అని రాసి ఉందనో, థండర్‌బోల్ట్ 3 వేగం 40 గిగాబిట్లనో ఎక్కువ డబ్బు పెట్టడం నాలుగు మైకుల ఇంటికి అనవసరం.

థండర్‌బోల్ట్‌కు నిజమైన మేలు ఒకటుంది: ఆలస్యం తక్కువ. పాడినవారి గొంతు కంప్యూటర్ లోపలికి వెళ్లి, ప్రభావాలు కలుపుకొని, తిరిగి హెడ్‌ఫోన్‌లోకి రావడానికి పట్టే సమయాన్ని అది బాగా తగ్గిస్తుంది. కాని మంచి డ్రైవరు ఉన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేసులో 128 శాంపిళ్ల బఫరు (కంప్యూటర్ ఒక్కో విడతకు పోగుచేసుకునే మొత్తం) పెడితే ఒక్కో దిక్కుకు బఫరు వల్ల కలిగే ఆలస్యం 2.7 మిల్లీసెకన్లే; అంత సమయంలో గాలిలో శబ్దం మూడడుగుల దూరం పోతుంది. అదీ వద్దనుకుంటే, గొంతును కంప్యూటర్‌కు పంపకుండానే ఇంటర్‌ఫేసు నుంచి నేరుగా హెడ్‌ఫోన్‌కు ఇచ్చే డైరెక్ట్ మానిటరింగ్ దాదాపు అన్ని ఇంటర్‌ఫేసులలోనూ ఉంది. విండోస్ వాడేవారు ప్రమాణం కన్నా తయారీదారు సొంతంగా ఇచ్చే ఏఎస్‌ఐఓ డ్రైవరు (ఆడియోను తక్కువ ఆలస్యంతో నడిపే సాఫ్ట్‌వేర్) ఎలా ఉందో చూడడం మేలు. యూఎస్‌బీ ఇంటర్‌ఫేసుల మధ్య ఆలస్యంలో కనిపించే తేడాలకు ముఖ్య కారణం అదే.

ఫైర్‌వైర్ పరికరాలు పాత సరుకులో చవకగా దొరుకుతాయి. ఒకప్పుడు అవి మేలురకం. కొన్నింటి ప్రీఆంప్‌లు నేటికీ బాగుంటాయి. అయినా కొనవద్దనే చెబుతాను. కొత్త ల్యాప్‌టాపులలో ఆ రంధ్రం లేదు, 2025లో వచ్చిన మాక్‌ఓఎస్ టాహోలో ఆపిల్ ఆ మద్దతునే తీసివేసింది. ఒక్క మినహాయింపు ఉంది: ఆ పెట్టెకు ఎడాట్ అవుట్‌పుట్ ఉండి, కంప్యూటర్ లేకుండా ఒంటరిగా పనిచేయగలిగితే, దానిని వట్టి ప్రీఆంప్‌గా వాడుకోవచ్చు. ఆ సంగతి కింద వస్తుంది.

ఆస్ట్రేలియాకు చెందిన ఆడినేట్ సంస్థ రూపొందించిన డాంటే పద్ధతి పెద్ద సభామందిరాలకు, కల్యాణ మండపాలకు శాశ్వతంగా అమర్చే సౌండ్ వ్యవస్థలకు చక్కగా సరిపోతుంది. నెట్‌వర్కు స్విచ్చు, దాని సెట్టింగులు, ప్రతి పెట్టెకూ డాంటే సౌకర్యం: ఒక గదికి ఇంత హంగు తగదు. మాడి కూడా అంతే. 1991లో ప్రమాణంగా వచ్చిన ఆ పద్ధతి ఒకే కోయాక్సియల్ తీగ మీద 64 ట్రాకులను వంద మీటర్ల దాకా మోస్తుంది. ఇంట్లో 64 ట్రాకులు పట్టే కచేరీ జరగదు.

రెండు ట్రాకులకు ఎస్‌పీడిఫ్, ఏఈఎస్

సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి రూపొందించిన ఎస్‌పీడిఫ్ ఒక తీగ మీద రెండు ట్రాకులను పంపుతుంది. దీనికి రెండు రూపాలు: ఆర్‌సీఏ ప్లగ్గుల కోయాక్సియల్ తీగ, తోషిబా 1983లో తెచ్చిన టాస్‌లింక్ ఆప్టికల్ తీగ. కోయాక్సియల్ తీగకు 75 ఓమ్‌ల ఇంపెడెన్స్ (సంకేతానికి తీగ చూపే విద్యుత్ నిరోధం) ఉండాలి. ప్రత్యేకమైన డిజిటల్ కేబుల్ అని చెప్పి ఎక్కువ ధరకు అమ్ముతారు గాని, పాత డీవీడీ ప్లేయరుతో వచ్చిన పసుపు రంగు వీడియో తీగ సరిగ్గా ఆ పనే చేస్తుంది, ఎందుకంటే వీడియో తీగలు కూడా 75 ఓమ్‌లవే. కేబుల్ టీవీ వారు ఇంటికి లాగే ఆర్‌జీ-6 తీగ సైతం 75 ఓమ్‌లదే. దానికి రెండు చివర్లా ఆర్‌సీఏ ప్లగ్గులు బిగిస్తే పొడవాటి ఎస్‌పీడిఫ్ తీగ తయారవుతుంది. ఎర్రది, తెల్లది అయిన మామూలు ఆడియో తీగ అరమీటరు దూరానికి పనిచేసినట్టు కనిపించినా, పొడవు పెరిగేకొద్దీ చిటపటలు మొదలవుతాయి.

రెండు మైకుల నాణ్యమైన ప్రీఆంప్ ఒకటి మీ దగ్గర ఉండి, దానికి డిజిటల్ అవుట్‌పుట్ ఉంటే, ఎస్‌పీడిఫ్ ద్వారా మీ ఇంటర్‌ఫేసుకు రెండు ట్రాకులు ఉచితంగా కలిసినట్టే. గాత్రాన్ని ఆ ప్రీఆంప్‌లో తీసుకొని, మృదంగానికి ఇంటర్‌ఫేసులోని సొంత మైకు రంధ్రాలను వదిలితే నాలుగు మైకుల ఏర్పాటు పూర్తవుతుంది. దీనికి మరొక ఉపయోగం పాత డాట్ టేపులు. 1987లో వచ్చిన ఆ డిజిటల్ టేపుల మీద తీసిన కచేరీలు కొందరి ఇళ్లలో ఇంకా ఉన్నాయి. డాట్ డెక్కు ఎస్‌పీడిఫ్ అవుట్‌పుట్ నుంచి నేరుగా తీసుకుంటే, అనలాగ్‌గా మార్చి మళ్లీ డిజిటల్ చేసే నష్టం లేకుండా టేపులో ఉన్నది ఉన్నట్టు ఫైలులోకి వస్తుంది. ఆ పనిలో ఇంటర్‌ఫేసు శాంపిల్ రేటును టేపు రేటుకే పెట్టాలి. 48 కిలోహెర్ట్జ్ టేపును 44.1 సెట్టింగులో ఎక్కిస్తే ఫలితం చెడిపోతుంది. టేపుకు బూజు పట్టకముందే ఈ పని చేసుకోవడం మంచిది.

ఏఈఎస్ అని పిలిచే ప్రమాణాన్ని ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ, యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ కలిసి రూపొందించాయి. అది 1985లో వెలువడింది. లోపలి సమాచారం దాదాపు ఎస్‌పీడిఫ్‌లో ఉన్నదే. తేడా అంతా మోసుకుపోయే తీరులో ఉంది: ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గులు, బయటి రొదను అడ్డుకునే 110 ఓమ్‌ల బ్యాలన్స్‌డ్ తీగ, అర వోల్టుకు బదులు రెండు నుంచి ఏడు వోల్టుల సంకేతం. అందువల్ల అది వంద మీటర్ల దాకా నిలకడగా పోతుంది. ప్రసార కేంద్రాలలో, పెద్ద స్టూడియోలలో ఈ బలం అవసరం. రెండు పెట్టెలు ఒకే బల్ల మీద ఉన్న ఇంట్లో ఏఈఎస్ కోసం అదనంగా ఖర్చుపెట్టనక్కరలేదు. ఉన్న పరికరానికి అది మాత్రమే ఉంటే వాడుకోండి. మీటరు రెండు మీటర్ల దూరానికి మామూలు మైకు తీగ కూడా సాధారణంగా పనిచేస్తుంది. ఏఈఎస్ నుంచి ఎస్‌పీడిఫ్‌కు మార్చుకోవలసి వస్తే ప్లగ్గులు మార్చి అతికించిన తీగను నమ్మవద్దు. వోల్టేజీ, ఇంపెడెన్స్ రెండూ మార్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ దొరుకుతుంది, దానిని వాడాలి.

ఎనిమిది ట్రాకులకు ఎడాట్

ఇంటి రికార్డింగుకు నా ఓటు దీనికే. అమెరికాకు చెందిన అలెసిస్ సంస్థ 1991లో ప్రదర్శించి, మరుసటి సంవత్సరం అమ్మకానికి తెచ్చిన ఎడాట్ అనే యంత్రం ఎస్-వీహెచ్‌ఎస్ వీడియో టేపు మీద ఎనిమిది ట్రాకులను రికార్డు చేసేది. ఆ యంత్రాలు మూలపడి చాలా ఏళ్లయింది. వాటిని ఒకదానికొకటి కలపడానికి చేసిన ఆప్టికల్ లంకె మాత్రం బతికిపోయి, నేడు ఎన్నో కంపెనీల పెట్టెల మీద కనిపిస్తోంది. సన్నని ప్లాస్టిక్ ఆప్టికల్ తీగ ఒక్కటి 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఎనిమిది ట్రాకులను, 24 బిట్లతో, ఒక దిక్కుకు మోస్తుంది.

దీనితో మీకు కలిగే లాభం ఏమిటంటే, ఇంటర్‌ఫేసును మార్చకుండానే ఎనిమిది మైకులు చేర్చుకోవచ్చు. ఆడియెంట్ ఐడీ14 వంటి చిన్న ఇంటర్‌ఫేసుకు మైకు రంధ్రాలు రెండే ఉన్నా, వెనుక ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంది. దానికి బెరింగర్ ఏడీఏ8200 వంటి ఎనిమిది ప్రీఆంప్‌ల పెట్టెను కలిపితే మొత్తం పది మైకులవుతాయి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 వంటి వాటికి డిజిటల్ రంధ్రమే లేదు, ఎంత బాగున్నా అది రెండు మైకుల దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి మొదటి ఇంటర్‌ఫేసు కొనేటప్పుడే, నేడు అవసరం లేకపోయినా, ఎడాట్ ఇన్‌పుట్ ఉన్నదానిని ఎంచుకోవడం ముందుచూపు. బృందం పెరిగిన రోజున పాతదానిని సగం ధరకు అమ్ముకోవలసిన పని ఉండదు.

ఒక పరిమితిని మరిచిపోకూడదు. శాంపిల్ రేటు 96 కిలోహెర్ట్జ్‌కు పెంచితే ఎస్-మక్స్ అనే పద్ధతిలో ఒక్కో ట్రాకు రెండు ట్రాకుల చోటు తీసుకుంటుంది, ఎనిమిది కాస్తా నాలుగవుతాయి. 192 దగ్గర రెండే మిగులుతాయి. పైగా పైన చెప్పిన ఏడీఏ8200 వంటి చవక పెట్టెలు 44.1, 48 తప్ప మరే రేటులోనూ పనిచేయవు. ఇది లోపమని బాధపడవలసిన పని లేదు. యూట్యూబు వీడియోకు 48 కిలోహెర్ట్జ్ సరిపోతుంది. ఆ రేటులో ఎనిమిది ట్రాకుల గంట రికార్డింగే నాలుగు గిగాబైట్లకు పైగా వస్తుంది. రేటును రెట్టింపు చేసి ఆ బరువును ఎనిమిది గిగాబైట్లు చేసుకున్నందువల్ల గొంతు తీయదనం పెరగదు.

ఆప్టికల్ తీగను గురించి కొంచెం. అయిదు మీటర్ల లోపు అయితే నిశ్చింతగా వాడవచ్చు. పది మీటర్లకు కొన్ని పెట్టెలు పలుకుతాయి, కొన్ని పలకవు. తీగను మడత పడేటట్టు వంచకూడదు, కుర్చీ కాళ్ల కింద పడనీయకూడదు. ప్లగ్గు చివర ఉండే చిన్న ప్లాస్టిక్ టోపీని తీసి దాచిపెట్టుకొని, తీగను విప్పినప్పుడు మళ్లీ తొడగాలి. ఒక చివర నుంచి ఎర్ర కాంతి కనిపిస్తుంటే సంకేతం వస్తున్నట్టే. ఆ కాంతి వస్తున్నా శబ్దం రాకపోతే తప్పు తీగలో కాక సెట్టింగులలో ఉందని తెలుసుకోవచ్చు.

క్లాక్ ఎవరిది?

డిజిటల్ లంకెలతో వచ్చే చిక్కులలో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి కనుక దీనిమీద కొంత ఎక్కువసేపు నిలబడాలి. ప్రతి డిజిటల్ పెట్టెలోనూ ఒక క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. సెకనుకు 48,000 సార్లు శబ్దాన్ని కొలవమని చెప్పేది దాని కొట్టుడే. రెండు పెట్టెలు రెండింటికీ 48,000 అని రాసి ఉన్నా, ఏ రెండు స్ఫటికాలూ అచ్చంగా ఒకే వేగంతో కొట్టవు. పది లక్షలకు పది వంతుల తేడా ఉందనుకుందాం. అది చాలా చిన్న తేడా. అయినా రెండు సెకన్లకు ఒక శాంపిల్ చొప్పున ఒక పెట్టె ముందుకు పోతుంది, గంట గడిచేసరికి 36 మిల్లీసెకన్ల తేడా వస్తుంది. కచేరీలో తాళం వేసేవారు ఇద్దరై, ఒకరిని ఒకరు చూడకుండా వేస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. లంకెతో కలిసిన రెండు పెట్టెలు తమ తమ క్లాక్‌ల మీదే నడిస్తే, మిగిలిపోయిన లేదా తక్కువైన శాంపిల్‌ను సర్దలేక, కొన్ని సెకన్లకొకసారి టక్కుమనే చప్పుడు రికార్డింగులో పడుతుంది. మృదంగం వాయిస్తున్నంత సేపు అది వినిపించకపోవచ్చు. ఆలాపనలో బయటపడుతుంది, అప్పటికి కళాకారులు ఇంటికి వెళ్లిపోయి ఉంటారు.

దీనికి పరిష్కారం సులభం. ఒక పెట్టె మాత్రమే మాస్టరుగా ఉండాలి, మిగిలినవన్నీ దానిని అనుసరించాలి. ఎస్‌పీడిఫ్, ఏఈఎస్, ఎడాట్ సంకేతాలలోనే క్లాక్ కూడా కలిసి వస్తుంది కనుక రెండు పెట్టెల ఇంటికి క్లాక్‌ను మాత్రమే మోసే వర్డ్ క్లాక్ తీగ విడిగా అవసరం లేదు, వేల రూపాయల మాస్టర్ క్లాక్ పెట్టె అసలే అవసరం లేదు. బయటి క్లాక్ పెట్టెతో ధ్వని విశాలమవుతుందని చెప్పేవారి మాటలను నమ్మి ఖర్చు పెట్టేకన్నా గదికి పరదాలు కొనుక్కోవడం లాభం.

ఎవరిని మాస్టరు చేయాలి అన్నదే మిగిలిన ప్రశ్న. ఇంటర్‌ఫేసుకు ఎడాట్ ఇన్‌పుట్ మాత్రమే ఉండి అవుట్‌పుట్ లేకపోతే, క్లాక్‌ను ప్రీఆంప్ పెట్టెకు పంపే దారి లేదు. అప్పుడు ప్రీఆంప్ పెట్టెను మాస్టరుగా, ఇంటర్‌ఫేసును ఆప్టికల్ క్లాక్ మీద పెట్టక తప్పదు. ఇది పనిచేస్తుంది. అయితే మన ఊళ్లలో దీనికొక ఇబ్బంది ఉంది. చిన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేసు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, ప్రీఆంప్ పెట్టె గోడ ప్లగ్గు మీద నడుస్తుంది. కరెంటు పోయిన క్షణాన ప్రీఆంప్ ఆగుతుంది, దానితో పాటు క్లాక్ ఆగుతుంది. కొన్ని ఇంటర్‌ఫేసులు సొంత క్లాక్‌కు మారి సర్దుకుంటాయి, కొన్ని రికార్డింగునే ఆపేస్తాయి. ఇన్వర్టరు ఉన్నా, మారే ఆ లిప్తపాటు చాలు. అందువల్ల ఎడాట్ ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ ఉన్న ఇంటర్‌ఫేసు, ఉదాహరణకు బెరింగర్ యూఎంసీ1820 లాంటిది, ఇంకొంచెం ధర పెట్టినా మేలని నా అభిప్రాయం. ఇంటర్‌ఫేసు నుంచి ఒక తీగ ప్రీఆంప్‌కు వెళుతుంది, ప్రీఆంప్ నుంచి ఒక తీగ తిరిగి వస్తుంది, మాస్టరు ఇంటర్‌ఫేసే అవుతుంది. అయితే ఈ స్థాయి ఇంటర్‌ఫేసులు ల్యాప్‌టాప్ నుంచి కరెంటు తీసుకోవు, వాటికీ సొంత అడాప్టర్ ఉంటుంది. రెండు పెట్టెలనూ ఒకే చిన్న యూపీఎస్‌కు తగిలించడం మరిచిపోవద్దు. కంప్యూటరుకు వాడే మామూలు యూపీఎస్ ఈ భారాన్ని అలవోకగా మోస్తుంది.

ఎర్తు, గుర్రు

ఆప్టికల్ తీగకు మరొక సుగుణం ఉంది, మన ఇళ్లలో అది చిన్నదేమీ కాదు. పాత ఇళ్లలో మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నా మూడో పిన్నుకు ఎర్తు తీగ సరిగా లేకపోవడం, ఉన్నా వేసవిలో ఎర్తు గుంత ఎండిపోవడం తెలిసిన సంగతే. ఇంటర్‌ఫేసు ఒక గది ప్లగ్గులో, ప్రీఆంప్ మరో గది ప్లగ్గులో ఉండి, రెండింటినీ లోహపు తీగతో కలిపితే, రెండు ఎర్తుల మధ్య వలయం ఏర్పడి గుర్రుమనే శబ్దం వస్తుంది. డిజిటల్ సమాచారంలోకి గుర్రు రాదు కదా అని అడగవచ్చు. నిజమే, బిట్లలోకి రాదు. కాని ఆ వలయపు కరెంటు పెట్టెల లోహపు చట్రాల మీదుగా ప్రవహించి, అదే పెట్టెలలోని మైకు, స్పీకరు సర్క్యూట్లలో వినిపిస్తుంది. ఎస్‌పీడిఫ్ కోయాక్సియల్ తీగ ఆ దారిని తెరుస్తుంది. ఆప్టికల్ తీగలో ప్రవహించేది కాంతి మాత్రమే కనుక ఆ దారి ఉండనే ఉండదు. రెండు గదులలో పరికరాలు పెట్టుకునేవారికి ఆప్టికల్‌ను సూచించడానికి నాకు ఇదే ముఖ్య కారణం. గుర్రు పోవడం కోసం ప్లగ్గు మూడో పిన్నును విరిచివేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. మైకును పెదవులకు ఆనించి పాడేవారికి అది ప్రాణాపాయం. ఎర్తు గుంతకు నీళ్లు పోయించి, ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించడమే సరైన పని.

ఎవరికి ఏది

ఒంటరిగా పాడి, తంబుర యాప్‌తో సరిపెట్టుకునేవారికి రెండు మైకుల యూఎస్‌బీ ఇంటర్‌ఫేసు తప్ప ఏమీ అక్కరలేదు. గాత్రం, వయొలిన్, మృదంగం కలిసి కూర్చునే ఇంటికి రెండు దారులున్నాయి: మంచి రెండు మైకుల ప్రీఆంప్ ఇప్పటికే ఉంటే ఎస్‌పీడిఫ్‌తో నాలుగు ట్రాకులు చేసుకోవడం, లేకపోతే ఎడాట్‌కు వెళ్లడం. కేవలం ఎస్‌పీడిఫ్ వాడుకోవడానికని కొత్తగా ఖరీదైన ప్రీఆంప్ కొనడం నాకు నచ్చదు. అదే డబ్బుకు ఎనిమిది మామూలు ప్రీఆంప్‌లు వస్తాయి, మృదంగానికి అవి బాగానే చాలుతాయి. కోలాటం బృందం, పదిమంది కలిసి పాడే భజన, నాదస్వరం డోలు సెట్టు అయితే ఎడాట్ తప్ప వేరే ఆలోచన వద్దు. నాదస్వరానికి ఇంకొక షరతు: ఆ ప్రీఆంప్ మైకు ఇన్‌పుట్లకు సంకేతాన్ని తగ్గించే ప్యాడ్ బటన్ గాని, చాలినంత తక్కువకు దించగల గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) గాని ఉండాలి. ఆ వాద్యం ముందు పెట్టిన మైకు నుంచి వచ్చే సంకేతం చిన్న ప్రీఆంప్‌లను తేలికగా దాటిపోతుంది. ఒకసారి చీలిన శబ్దాన్ని ఏ డిజిటల్ లంకె అయినా చీలినట్టే నమ్మకంగా చేరవేస్తుంది.

కొనడానికి చెన్నై రిచ్చీ స్ట్రీట్‌కు వెళ్లినా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, పాత సరుకు ఎవరి దగ్గరైనా తీసుకున్నా, తిరిగి ఇచ్చే గడువులోపే ఒక పరీక్ష చేసుకోవాలి. రెండు పెట్టెలనూ కలిపి, ఒకదానిని మాస్టరుగా, రెండవదానిని అనుసరించేటట్టు పెట్టి, క్లాక్‌లు కలిశాయని చూపే సింక్ దీపం మిణుకు లేకుండా నిలకడగా వెలుగుతోందో లేదో చూడాలి. తరువాత తంబుర శ్రుతిని ఒక మైకు ముందు పెట్టి, అరగంట సేపు అన్ని ట్రాకులలోనూ రికార్డు చేయాలి. తంబుర నాదం ఎడతెగనిది కనుక దానిలో ఒక్క టక్కు పడినా హెడ్‌ఫోన్‌లో దొరికిపోతుంది. టక్కు వినిపిస్తే ముందు క్లాక్ సెట్టింగు, తరువాత బఫరు సైజు, ఆ తరువాత తీగ: ఈ వరుసలో చూడాలి. బఫరు పెంచితే పోయిన చప్పుడు కంప్యూటర్‌ది; పెంచినా, తీగ మార్చినా పోనిది క్లాక్‌ది. రెండు పెట్టెలలోనూ క్లాక్ సరిగానే పెట్టి ఉండి కూడా చప్పుడు ఆగకపోతే ఆ పెట్టెను తిరిగి ఇచ్చేయండి.